ఉపకారమా, వేతనమా?



ఈసారి కాస్త పెద్దదే రాస్తున్నాను, తీరిక చూసుకుని చదవండి. విద్యానిధికి ఈ ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి మానవ హక్కుల మీద పిహెచ్‌డీ చేస్తానన్న అమ్మాయిది. కమిటీలో రెండు ప్రశ్నలు వచ్చాయి. "ఆ చదువుకు డబ్బెవరిస్తారు?" అన్నది ఒకటి. "చదివి ఏం చేస్తుంది?" అన్నది రెండోది. రెండూ అడగవలసిన ప్రశ్నలే. ఇంజినీరింగుకు బ్యాంకు అప్పిస్తుంది, మెడిసిన్‌కు మేనమామ పొలం అమ్మి అయినా ఇస్తాడు. హక్కుల చదువుకు ఎవరిస్తారు? ఇన్నేళ్లలో ఎవరిచ్చారు, ఎలా ఇచ్చారు, ఎక్కడ ఆపారు అన్నది చూస్తే మన సంఘం ఏం చేయాలో తేలుతుంది. అందుకే ఈ రాత.

ముందు మాట సంగతి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, రైల్వేలో కన్నడం, ఇంగ్లీషు. అందుకని ఒక మాటను మూడు భాషల్లో పక్కపక్కన పెట్టి చూడటం అలవాటైపోయింది. స్కాలర్‌షిప్‌ను తమిళంలో 'ఉదవిత్తొగై' అంటారు, అంటే సహాయపు సొమ్ము. కన్నడంలో 'విద్యార్థి వేతన' అంటారు. మన తెలుగువాళ్లు రెండూ కలిపి 'ఉపకార వేతనం' అన్నారు. ఉపకారం అంటే ఇచ్చేవాడి ఇష్టం. వేతనం అంటే చేసే పనికి రావలసింది. ఇచ్చేవాళ్లు మొదటి మాట పట్టుకుంటారు, తీసుకునేవాళ్లు రెండో మాట నమ్ముకుని ఇంటికి మాట ఇస్తారు. నూరేళ్ల పైచిలుకు చరిత్రంతా ఈ రెండు మాటల మధ్య నలుగుతూ వచ్చిందే.

బరోడా సొమ్ము

అందరికీ తెలిసిన పేరుతోనే మొదలుపెడతాను. 1913లో బరోడా మహారాజు మూడో సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన సొమ్ముతో అంబేడ్కర్ అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లపాటు. తిరిగి వచ్చాక పదేళ్లు సంస్థానం కొలువు చేస్తానని ఒప్పందం. 1916 మే 9న అక్కడి సెమినార్‌లో ఆయన చదివిన పత్రం భారతదేశంలో కులాల పుట్టుక మీద. ఆ రోజుల్లో 'మానవ హక్కులు' అన్న పేరుతో చదువు లేదు. ఉన్నట్టయితే ఆ పత్రం అందులోనే పడేది.

అక్కడి నుంచి లండన్ వెళ్లారు. చదువు సగంలో ఉండగా, 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరింది, వెనక్కి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగం ఇచ్చారు గానీ ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రం నుంచి కూడా గెంటేశారు. ఆ తర్వాత బొంబాయిలో సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి కొంత కూడబెట్టుకున్నారు. కొల్హాపూర్ శాహూ మహారాజు కొంత ఇచ్చారు, స్నేహితుడు నావల్ భథేనా అప్పిచ్చారు. అలా 1920లో మళ్లీ లండన్ చేరారు. అక్కడి డాక్టరేటు 1923లో వచ్చింది. కొలంబియా పిహెచ్‌డీ పట్టా 1927లో గానీ చేతికందలేదు.

ఇందులో మనం గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటి. అంతటి మేధావికి కూడా సొమ్ము గడువూ చదువు గడువూ కలవలేదు. మధ్యలో మూడేళ్లు ఖాళీ. ఆ ఖాళీని పూడ్చింది సంస్థానం కాదు, సొంత జీతం, ఒక స్నేహితుడి అప్పు, ఇంకో రాజు చెయ్యి.

బరోడాతో ఇంకో ముడి కూడా ఉంది. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో ముందు 'పురుషులందరూ' అనే అర్థం వచ్చే మాట ఉండేది. దాన్ని 'మనుషులందరూ' అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ఆమె బరోడా దివాను మనుభాయ్ మెహతా కూతురు. చదువు మీద ఖర్చు పెట్టిన ఒక సంస్థానం నుంచి హక్కుల చరిత్రకు ఇద్దరు వచ్చారు.

మన మైసూరు సంగతి

మన పావగడ తాలూకా అప్పుడు మైసూరు సంస్థానంలోది. దాదాపు చుట్టూ మద్రాసు ప్రెసిడెన్సీ వారి అనంతపురం జిల్లా, మధ్యలోకి చొచ్చుకుపోయిన మనం. మాట్లాడేది తెలుగు, పన్ను కట్టేది మైసూరుకు. మైసూరు విశ్వవిద్యాలయం 1916లో పుట్టింది. 1918లో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ప్రభుత్వం జస్టిస్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో చోటుతో పాటు చదువుకు స్కాలర్‌షిప్పులు కూడా పెంచాలని ఆ కమిటీ చెప్పింది.

ఆ కాలంలోనే మైసూరు విద్యాశాఖలో ఉన్నతాధికారిగా ఉన్నది మన తెలుగువారు, చిత్తూరు దగ్గరి కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి. భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జిలో చదివి వచ్చారు. బడి తలుపులు అన్ని కులాల పిల్లలకూ తెరవాలని పట్టుబట్టినవారిలో ఆయన ఒకరు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఒక స్కాలర్‌షిప్ ఒక మనిషితో ఆగదని చెప్పడానికే ఆయన పేరు ఎత్తాను.

ఢిల్లీకి చేరిన లెక్క

1944లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు మెట్రిక్ తర్వాతి చదువుకు స్కాలర్‌షిప్ మొదలైంది. అప్పుడు అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యులు. తాను రాజుగారి దయతో చదివారు, తర్వాతివాళ్లు బడ్జెట్ పద్దు కింద చదవాలనుకున్నారు. ఉపకారం వేతనం వైపు నడిచిన మొదటి అడుగు అదే అని నా అభిప్రాయం. 1954-55లో విదేశాల్లో చదివేవారికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వచ్చింది. 1984లో విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషన్, అంటే యూజీసీ, జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు పరీక్ష పెట్టింది. 1989 నుంచి అది నెట్ పరీక్షలో కలిసింది. 2005-06లో ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు రాజీవ్ గాంధీ ఫెలోషిప్, 2009లో మైనారిటీలకు మౌలానా ఆజాద్ ఫెలోషిప్, 2014-15లో ఓబీసీలకు ఇంకొకటి వచ్చాయి.

ఈలోపు 'మానవ హక్కులు' ఒక చదువుగా కూడా నిలబడింది. 1993లో మానవ హక్కుల పరిరక్షణ చట్టం, ఆ అక్టోబరులోనే జాతీయ మానవ హక్కుల కమిషన్. ఆ చట్టం 12వ సెక్షన్‌లో కమిషన్ పనుల్లో ఒకటిగా పరిశోధనను ప్రోత్సహించడం అని రాసి ఉంది. నెట్ పరీక్షలో 'మానవ హక్కులు, విధులు' ఒక సబ్జెక్టు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మానవ హక్కుల కేంద్రం ఉంది. మన బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లోనూ ఈ విషయాల మీద పిహెచ్‌డీ చేయవచ్చు.

అంతకుముందు ఎలా ఉండేదో తెలియాలంటే బాలగోపాల్ గారిని చూడండి. 1952లో మన పక్కనే బళ్లారిలో పుట్టారు. తెలుగునాట పౌరహక్కుల ఉద్యమానికి ఆయనంతగా ఆలోచన ఇచ్చినవారు తక్కువ. కానీ వరంగల్‌లో ఆయన పిహెచ్‌డీ చేసింది గణితంలో! కాకతీయ విశ్వవిద్యాలయంలో ఆ పాఠాలే చెప్పేవారు, 1985లో ఆ ఉద్యోగం వదిలేశారు. 2009లో పోయేదాకా ఊరూరూ తిరిగి ఎన్‌కౌంటర్లనూ, దళితుల మీద దాడులనూ, భూమి పోయినవాళ్ల గోడునూ రాసిపెట్టారు. హక్కుల మీద చదువుకు పద్దు లేని కాలం అది. అలాంటి పనికి మనిషి ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. అందరూ వదులుకోలేరు, అందరినీ వదులుకోమనడం న్యాయమూ కాదు.

నెల తప్పితే

నేను రైల్వేలో జీతాల బిల్లులు రాసినవాణ్ణి. నెలాఖరుకు జీతం పడకపోతే మర్నాడు పొద్దున యూనియన్ వాళ్లు మా కౌంటర్ ముందు నిలబడేవారు. గ్యాంగ్‌మన్ దగ్గర్నుంచి గార్డు దాకా ఎవరూ దాన్ని దయ అనుకోలేదు, అందుకే అది ఆగలేదు. ఫెలోషిప్ అలా కాదు. అది కాగితం మీద నెలకింత అని ఉంటుంది, రావడం మాత్రం ఎప్పుడో.

2015 అక్టోబరులో, నెట్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పిహెచ్‌డీ చేసేవారికి ఇచ్చే నెలకు 8,000 రూపాయలను ఆపేయాలని యూజీసీ నిర్ణయించింది. ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు విద్యార్థులు రాత్రింబగళ్లు కూర్చున్నారు. తర్వాత ప్రభుత్వం కొనసాగిస్తామంది. అడగబట్టి నిలిచింది.

అదే ఏడాది హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గుంటూరు అబ్బాయి రోహిత్ వేముల పరిశోధన చేస్తున్నాడు. అతని ఫెలోషిప్ నెలకు 25,000 రూపాయలు. జూలై నుంచి అది రావడం ఆగిపోయింది. సస్పెన్షన్, హాస్టల్ నుంచి గెంటివేత, ఆ వివాదం అంతా మీకు తెలిసిందే. దాని మీద ఎవరి వాదన వారికి ఉంది, అందులోకి పోను. 2016 జనవరి 17న ఆ అబ్బాయి చనిపోయాడు. వదిలి వెళ్లిన ఉత్తరంలో తనకు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేలు రావాలని, అది ఇంటివాళ్లకు అందేలా చూడమని రాశాడు. బిల్లులు రాసిన చేతులు కదా నావి, ఆ ఉత్తరంలో ఆ అంకె దగ్గర ఆగిపోయాను. ఏడు ఇంటూ ఇరవై అయిదు వేలు. లెక్క సరిగ్గా ఉంది. పోయేముందు కూడా ఆ పిల్లవాడు తనకు రావలసింది పైసాతో సహా లెక్క కట్టాడు. దాన్ని ఉపకారం అనుకున్నవాడు అలా రాయడు.

ఆ తర్వాతి సంగతులు చకచకా చెబుతాను. 2022 ఫిబ్రవరిలో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలు మార్చారు. భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సామాజిక అధ్యయనాల మీద విదేశాల్లో పరిశోధన చేసేవారికి ఇవ్వబోమన్నారు. వాటికి ఇక్కడే సౌకర్యాలున్నాయి కదా అన్నది వారి వాదన. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ 1913లో బరోడా మహారాజు అదే నిబంధన పెట్టి ఉంటే, కులాల మీద ఆ పత్రం కొలంబియాలో చదివేవారే లేరు. ఇంటి గొడవ ఇంట్లో చెప్పుకోలేనివాడే వీధిలోకి వెళ్లి చెప్పుకుంటాడు. అదే ఏడాది డిసెంబరులో, వేరే పథకాలతో కలిసిపోతోందని మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆపేస్తున్నట్టు పార్లమెంటులో చెప్పారు. 2025లో ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైన 106 మందిలో ముందుగా 40 మందికే ఉత్తరాలు ఇచ్చి, మిగతావారికి నిధులను బట్టి ఇస్తామని ప్రకటించారు. టికెట్ చేతికిచ్చి, బోగీ తగిలిస్తే ఎక్కమన్నట్టు!

ఇప్పుడు ఉన్న దారులు

ఇంత చెప్పాక దారులు లేవనుకోకండి, ఉన్నాయి. పిల్లలున్న ఇంటివాళ్లు ఈ భాగం దాచుకోండి.

మొదటిది నెట్ - జేఆర్ఎఫ్. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. జనరల్‌కు వయసు 30 దాటకూడదు, ఆడపిల్లలకూ రిజర్వేషన్ వర్గాలకూ అయిదేళ్ల సడలింపు ఉంది. 2024 నుంచి పిహెచ్‌డీ ప్రవేశానికి కూడా ఆ పరీక్ష మార్కులు పనికొస్తున్నాయి. జేఆర్ఎఫ్ రాకపోయినా నెట్ రాసిన ఎస్సీ, ఓబీసీ పిల్లలకు వేరే జాతీయ ఫెలోషిప్పులున్నాయి, ఎస్సీలకు ఏటా 2,000. రాజీవ్ గాంధీ ఫెలోషిప్ మొదట్లో నెట్ లేకుండా ఇచ్చేవారు, ఇప్పుడా వెసులుబాటు లేదు. కాబట్టి నెట్ రాయకుండా ఉండవద్దు.

రెండోది, ఇంటికి ఒక్కతే సంతానమైన ఆడపిల్లకు యూజీసీ వారి సావిత్రిబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్. మూడోది, సామాజిక శాస్త్రాల వారికి ఐసీఎస్ఎస్ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్, నెలకు 20,000 రూపాయలు. పిహెచ్‌డీలో చేరాక దరఖాస్తు పెట్టుకోవాలి.

విదేశాల సంగతి. అమెరికాలో మంచి విశ్వవిద్యాలయాలు పిహెచ్‌డీకి తీసుకున్నాయంటే చాలావరకు ఫీజు మాఫీ చేసి, పాఠాలు చెప్పించుకుని నెల ఖర్చు తామే ఇస్తాయి. దరఖాస్తు ఫీజు కట్టలేమని రాస్తే చాలాచోట్ల అదీ మాఫీ చేస్తారు, అడగాలి అంతే. స్వీడన్, నార్వే, నెదర్లాండ్స్ లాంటి చోట్ల పిహెచ్‌డీ అంటే ఉద్యోగమే, పత్రికలో ప్రకటన ఇచ్చి జీతానికి తీసుకుంటారు. చూశారా, అక్కడ 'ఉపకారం' పూర్తిగా రాలిపోయి 'వేతనం' ఒక్కటే మిగిలింది. హక్కుల చదువుకు ఇంగ్లండులో ఎసెక్స్, ఐర్లండులో గాల్వే పేరున్న చోట్లు. కేంబ్రిడ్జికి గేట్స్ స్కాలర్‌షిప్ ఉంది. ఇక్కడ పిహెచ్‌డీ చేస్తూ కొన్ని నెలలు అమెరికా వెళ్లి రావాలంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఉంది. చాలామంది పిల్లలు చీవెనింగ్ అంటుంటారు, అది ఒక ఏడాది మాస్టర్స్‌కే, పిహెచ్‌డీకి కాదు.

మన గడినాడు పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. మనం మాట్లాడేది తెలుగే అయినా ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల విదేశీ విద్య పథకాలు ఆ రాష్ట్రాల నివాసులకే. మనకు కర్ణాటక పథకాలే వర్తిస్తాయి, ఎస్సీ, ఎస్టీలకు ప్రబుద్ధ పథకం ఉంది. కులాల జాబితా కూడా రాష్ట్రానికొక తీరు. మడకశిరలో మేనత్త కొడుకుకు ఉన్న సర్టిఫికెట్ మనకు వస్తుందనుకోవద్దు. దరఖాస్తులో ఊరి పేరు దగ్గర తాలూకా, జిల్లా తప్పకుండా రాయండి. అరసికెరె అంటే దేశమంతా హాసన్ జిల్లా జంక్షన్ అనుకుంటుంది. మన అరసికెరెకు రైలు లేదు, తాలూకా మీదుగా పోయే రాయదుర్గం - తుమకూరు లైను పని ఇంకా సాగుతూనే ఉంది.

చదివి ఏం చేస్తుంది?

ఇక రెండో ప్రశ్న. తిరుమణి వైపు వెళ్లి చూడండి. దాదాపు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు, 2,050 మెగావాట్లు, 2018లో ప్రారంభించారు. భూమి ఉన్న రైతుకు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు మొదలైంది. వేరుశెనగ ఎండిపోయిన కరువు సీమలో అది చిన్న సంగతి కాదు, చాలా ఇళ్లు నిలబడ్డాయి. మరి ఆ పొలాల్లో కలుపు తీసి, కాయ ఒలిచి బతికిన భూమి లేని కూలీకి ఏం వచ్చింది? కౌలు భూమి ఉన్నవాడికే కదా. గొర్రెలు మేపుకునేవాడి బీడు ఏమైంది? ఇది కరెంటు లెక్క కాదు, హక్కుల లెక్క. ఆ అమ్మాయి దరఖాస్తులో రాసిన విషయం ఇదే.

ఇంకొకటి. మన వైపు 'జీతం' అంటే ముందు గుర్తొచ్చేది ఆఫీసు జీతం కాదు, అప్పుకింద ఆసామి ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసే జీతగాడు. వెట్టిచాకిరీని 1976లో చట్టంతో రద్దు చేశారు. విడిపించుకున్న మనుషుల పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, బెంగళూరులో ఏ పనిలో ఉన్నారు? మన ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన ఎముకలకు ఎవరు జవాబుదారీ? వీటిని బయటివారు వచ్చి రెండు రోజులుండి రాసుకుపోతారు. ఇక్కడి తెలుగూ కన్నడమూ రెండూ వచ్చిన పిల్ల ఇంటింటికీ తిరిగి రాస్తే ఆ రాత వేరు. అయిదేళ్లు కూర్చుని రాసిన రాతను కోర్టులోనైనా, అసెంబ్లీలోనైనా అంత తేలిగ్గా తోసిపుచ్చలేరు.

మనం చేయగలిగింది

మన విద్యానిధి ఒక పిహెచ్‌డీని అయిదేళ్లు పోషించలేదు, పోషించనక్కర్లేదు కూడా. పైన చెప్పిన కథల్లో డబ్బు అసలు లేకపోవడం కంటే మధ్యలో తెగిపోవడమే ఎక్కువమందిని దెబ్బతీసింది. అందుకని నా ప్రతిపాదన ఇది.

ఒకటి, నెట్ ఫీజు, పుస్తకాలు, ఇంటర్వ్యూ ప్రయాణం సంఘం పెట్టుకోవాలి. రెండు, పిహెచ్‌డీలో చేరాక మొదటి ఫెలోషిప్ పడేదాకా, మధ్యలో ఆగితే మళ్లీ మొదలయ్యేదాకా, ఆరు నెలలకు మించకుండా నెలనెలా వడ్డీ లేని అప్పు ఇవ్వాలి. ఆగిన సొమ్ము ఎప్పుడో ఒకసారి బకాయిగా వస్తుంది, అప్పుడు నిధికి తిరిగి చేరుతుంది, ఆ డబ్బే ఇంకో పిల్లకు పనికొస్తుంది. రాకపోతే ఆ ఇంటి మీద పడి వసూలు చేయకూడదు. మూడు, ఆ సొమ్ము ఫలానా తేదీకి అని ముందే చెప్పాలి, ఆ తేదీకే పడాలి. కమిటీ కూర్చోలేదు, ట్రెజరర్ ఊళ్లో లేడు అన్న మాట రాకూడదు. నాలుగు, శాలువా కప్పడం, ఫోటో తీసి గ్రూపులో పెట్టడం వద్దు. ఉపకారం ఫోటో అడుగుతుంది, వేతనం సంతకం అడుగుతుంది. మనం సంతకం తీసుకుందాం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని పెడతాను. ఒప్పుకోనివారు కారణం కింద రాయండి, చదివి జవాబు చెబుతాను. నిధి లెక్కలు చూసేవారు, ఆరు నెలల అప్పు ఒకేసారి ఎంతమందికి ఇవ్వగలమో లెక్క వేసి తీసుకురండి. నెట్ రాసే పిల్లలున్నవారు పేర్లు నాకు విడిగా పంపండి. ఫారాలు నింపడం నా పని. నలభై ఏళ్లు చేసిన పని అదే కదా.